‘మీరు ఏమవుతారు?’ – సీమ ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టించేటప్పుడు, చనిపోయిన మనిషి బ్యాంకు ఖాతా మూసేటప్పుడు, సచివాలయంలో రైస్ కార్డులో పేరెక్కించేటప్పుడు, మార్చురీ గుమ్మం ముందు, ఎక్కడైనా మొదట అడిగేది ఒక్కటే. “మీరు ఏమవుతారు?” పెళ్లాం అంటే చాలు, మారు మాట ఉండదు. మేనమామ కొడుకు అన్నా ఏదో ఒకటి రాసుకుంటారు. ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్న ఇద్దరు ఆడవాళ్లకో, ఇద్దరు మగవాళ్లకో మాత్రం ఆ ప్రశ్నకు జవాబు లేదు. ‘ఫ్రెండు’ అని రాయించుకుని పక్కకు జరగాలి.

మేము ఈ జిల్లాల కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదులం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసేవాళ్లం. పెళ్లి కాగితం లేని జంటకు దాని బదులు ఏయే కాగితాలు రాయొచ్చో, అవి ఏ మెలిక దగ్గర తెగుతాయో మాకు తెలుసు. మీకూ తెలియాలి. ఎందుకంటే స్వలింగ జంటల పెళ్లి మీద 2023లో మన రాష్ట్రం ఒక మాట చెప్పింది. దాన్ని మార్చగలిగింది మీరే.

ఆ మాట సంగతి ముందు. స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద తమ పెళ్లి నమోదు చేయాలని సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు హైదరాబాదు జంట పేరు మీదే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 18 నుంచి మే 11 మధ్య పది రోజుల పాటు అయిదుగురు న్యాయమూర్తులు వాదనలు విన్నారు. విచారణ సాగుతుండగానే కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. నాలుగు గడువు కోరాయి. వద్దని తేల్చేసినవి మూడే: రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్. వేర్వేరు మతాల పెద్దలను అడిగామనీ, వాళ్లెవరూ ఒప్పుకోలేదనీ మన ప్రభుత్వం రాసింది. మతపెద్దలను అడగడం తప్పనం. కానీ అడిగింది ఏ చట్టం గురించి? 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్టు పెళ్లికి పురోహితుడు అక్కర్లేదు, ఖాజీ అక్కర్లేదు, పాస్టరు అక్కర్లేదు. వివాహాధికారి, ముగ్గురు సాక్షులు, సంతకాలు ఉంటే చాలు. మతంతో పనిలేని పెళ్లి గురించి మతాన్ని అడిగి జవాబు రాశారు. పీఎఫ్ ఆఫీసునో, బ్యాంకులనో, ఆసుపత్రులనో కూడా అడిగి ఉంటే ఈ లేఖలో మేం రాయబోయేది అప్పుడే తెలిసేది.

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ అన్నారు. చట్టాన్ని తిరగరాయడం కోర్టు పని కాదనీ అన్నారు. సహజీవనానికి చట్టబద్ధ గుర్తింపు, దత్తత విషయాల్లో 3–2 తేడాతో పిటిషనర్లు ఓడిపోయారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి స్త్రీగానో పురుషుడిగానో ఉండి ఎదుటి లింగపు మనిషిని పెళ్లాడితే ఇప్పుడున్న చట్టాలే చాలని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఈ ముక్క మన ఆఫీసుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు. ఇక చేయాల్సింది చట్టసభలే.

తీర్పులో ఒక మాట నమోదైంది. క్యాబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ వేసి ఈ జంటల కష్టాలు చూస్తామని కేంద్రం కోర్టుకు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కమిటీ వేశారు. దాని ఫలితంగా వచ్చిన ఉత్తర్వులు చిన్నవే అయినా పనికొచ్చేవి. ఒకే ఇంట్లో ఉండే ఇలాంటి జంటను రేషన్ కార్డుకు ఒకే కుటుంబంగా చూడమని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డంకీ లేదని ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. దగ్గరి బంధువులు లేనప్పుడు సహచరికో సహచరుడికో మృతదేహం ఇవ్వొచ్చని ఆరోగ్య శాఖ చెప్పింది. జైలు ములాఖత్‌కూ సూచనలు వెళ్లాయి.

ఢిల్లీలో కదిలిన కాగితం కౌంటరు దాకా రావాలి కదా. రైస్ కార్డులో మనిషిని చేర్చాలంటే మన సచివాలయాల్లో మామూలుగా తెలిసిన దారులు రెండు: పుట్టుక, పెళ్లి.  ఈ జంటకు రెండూ వర్తించవు. డిజిటల్ అసిస్టెంటును తిట్టి లాభం లేదు, స్క్రీను మీద లేని సంబంధాన్ని అతను ఎక్కించలేడు. పౌరసరఫరాల శాఖ ఆ కాలమ్‌లో ఇంకొక సంబంధం చేర్చి, దానికి ఇద్దరి స్వీయ ధ్రువీకరణ, ఒకే చిరునామా ఉన్న ఆధార్ చాలని తహసీల్దార్లకు రాస్తే పని అవుతుంది. ఇందులో లాభమొక్కటే ఉంటుందనీ అనుకోవద్దు. ఒకే కుటుంబమైతే ఇద్దరి ఆదాయమూ కలుస్తుంది. పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 అని 2019లో పెట్టిన ఆదాయ పరిమితిని ఇద్దరూ కూలికి పోయే ఇల్లు కూడా దాటిపోవచ్చు. మొగుడూ పెళ్లాలకు వర్తించే లెక్కే వీళ్లకూ వర్తించనీయండి.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. చాలామంది మమ్మల్ని మొదట అడిగేది జీపీఏ, అంటే ఒకరి తరఫున ఇంకొకరు పనులు చేసేందుకు రాసిచ్చే అధికార పత్రం. “సార్, ఆమె నాకు పవర్ రాసిస్తే అన్నీ నేనే చూసుకోవచ్చు కదా?” రాసిన మనిషి స్పృహలో ఉండి, ఊళ్లో లేనప్పుడు జీపీఏ బాగా పనిచేస్తుంది. అసలు అవసరపడే రోజున పనిచేయదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం రద్దయిపోతుంది. హైవే మీద యాక్సిడెంటయి కోమాలో ఉన్న మనిషి తరఫున జీపీఏ పట్టుకుని బ్యాంకుకు వెళ్లినా డబ్బు తీయడానికి వీల్లేదు. అప్పుడు మిగిలేది గార్డియన్‌గా నియమించమని హైకోర్టులో రిట్ వేయడమే. ఆదోని నుంచో రాయచోటి నుంచో అమరావతి దాకా. ఆ రిట్‌కు అడ్డం రావడానికి రక్తసంబంధీకులకు ఒక్క కౌంటరు అఫిడవిట్ చాలు.

ఆసుపత్రికి మేం రాయించే కాగితాలు వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ కింద ఎవరైనా మేజరు తన ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’ను తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి పెట్టుకోవచ్చు. స్టాంపు లేదు, నోటరీ లేదు, బంధుత్వం చూడరు. ఇంత సుళువైన కాగితం మన చట్టాల్లో ఇంకొకటి లేదేమో. కానీ ఇది మానసిక చికిత్సకే. గుండె ఆపరేషన్‌కు, డయాలిసిస్‌కు ఇలాంటిది లేదు. వెంటిలేటరు తీయాలా ఉంచాలా అనే చివరి నిర్ణయానికి ముందస్తు వైద్య ఆదేశం ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సులభం చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. దాన్లో సహచరి పేరు రాయిస్తాం. మామూలు ఆపరేషన్‌కు రోగి స్పృహలో ఉంటే రోగి సంతకమే చెల్లుతుంది, చుట్టాలతో పనిలేదు. స్పృహ లేకపోతే డ్యూటీ డాక్టరు దయ.

వీలునామా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం. మా పనిలో సగం అదే, తగాదాల్లో ముప్పాతిక అదే. హిందూ వారసత్వ చట్టంలో పెళ్లి కాని, పిల్లలు లేని ఆడమనిషి ఆస్తి తల్లిదండ్రులకు పోతుంది, వాళ్లు లేకపోతే తండ్రి వారసులకు. ఆ వరుసను చివరిదాకా చదివినా సహచరి పేరు తగలదు. కాబట్టి వీలునామా లేకపోతే ఏమీ లేనట్టే. రాయడం కష్టం కాదు. తెల్లకాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన మనిషి సంతకం పెట్టాలి. అది చూసిన ఇద్దరు సాక్షులు ఆ మనిషి ఎదుటే తామూ పెట్టాలి.

చెడేది తర్వాత. అన్నదమ్ములు కోర్టుకెక్కి, వీలునామా చుట్టూ ‘సందేహాస్పద పరిస్థితులు’ ఉన్నాయంటారు. 1958 నాటి సుప్రీంకోర్టు వెంకటాచల అయ్యంగార్ తీర్పు నుంచి ఇది స్థిరపడిన మాట: సహజ వారసులను కాదని రాసినా, లబ్ధి పొందేవాళ్లే ముందుండి రాయించినా, ఆ అనుమానం తీర్చే బాధ్యత వీలునామా చూపించినవాళ్లదే. మొగుడు పెళ్లాం పేరున రాస్తే ఆమె పక్కనే కూర్చుని రాయించిందని పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ సహచరి ఆటో మాట్లాడి రైటరు దగ్గరికి తీసుకొస్తే అదే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం. అందుకే రాసే రోజున ఆమెను ఇంట్లోనే ఉండమంటాం. అమ్మానాన్నలకు ఎందుకు ఇవ్వడం లేదో రెండు వాక్యాల్లో కారణం రాయిస్తాం. ఆ రోజు తేదీతోనే మతి స్థిమితంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్టు తెప్పిస్తాం. సాక్షులు రాసిన మనిషి కంటే చిన్నవాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు కావాలి, రేపు కనీసం ఒకరు బోనెక్కి చెప్పాలి కదా. తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు చేయిస్తాం. ఇంట్లో దొరుకుతుందన్న భయముంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరిచే వీలు కూడా ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ.

ఇంత చేసినా భూమి దగ్గర మళ్లీ అడ్డం. మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్చడానికి, అర్జీ పెడితే తహసీల్దారు వారసులకు నోటీసు ఇవ్వాలి. వాళ్లు ఒక్క అభ్యంతరం రాసిస్తే ‘సివిల్ కోర్టులో తేల్చుకోండి’ అంటారు. వన్‌బీలో (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు) పేరు మారదు, క్రాప్ లోను రాదు. పిత్రార్జితమైతే ఇంకో మెలిక: విభజన కాని ఉమ్మడి ఆస్తిలో తన వాటాను హిందువు వీలునామాగా రాయొచ్చు, బతికుండగా దానం చేయడం మాత్రం చెల్లదు. దాన సెటిల్‌మెంట్ రాయమని వచ్చేవాళ్లకు చెప్పి చెప్పి మా నోళ్లు నొప్పి పుట్టాయి. స్వార్జితం దానమిచ్చినా బయటివాళ్లకు స్టాంపు డ్యూటీ ఎక్కువ. 50,000 దాటిన కానుక ‘బంధువు’ కాని మనిషి నుంచి వస్తే ఆదాయపు పన్ను కూడా. వీలునామా ద్వారా వస్తే పన్ను లేదు. బతికుండగా ఇస్తే పన్ను, చచ్చాక ఇస్తే లేదు!

కర్నూలు, కడపల్లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక ఇదీ చెప్పాలి. ముస్లిం వ్యక్తి వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతు కంటే ఎక్కువ వీలునామా రాయలేరు. బతికుండగా హిబా (ముస్లిం చట్టం ప్రకారం దానం) ఇవ్వొచ్చు, దానికి పరిమితి లేదు, అయితే స్వాధీనం నిజంగా అప్పజెప్పాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటుంటే అప్పజెప్పినట్టు రుజువు చేయడం దగ్గర కేసు ఇరుక్కుంటుంది. అదే స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద పెళ్లయితే, ఆ చట్టం 21వ సెక్షన్ ప్రకారం వారసత్వం భారత వారసత్వ చట్టం కిందికి పోతుంది. ఆడా మగా అయితే ఆ దారి ఉంది. వీళ్లకు లేదు.

నామినీ అంటే యజమాని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నామినీ డబ్బు తీసుకునే చేయి మాత్రమే, వారసులు అడిగితే ఇచ్చేయాలి. 1983లోనే సుప్రీంకోర్టు ఇన్సూరెన్సు విషయంలో చెప్పింది. 2015లో బీమా చట్టం మార్చి, తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీ అయితే డబ్బు వాళ్లదేనని రాశారు. సహచరుడు ఆ జాబితాలో లేడు. కాబట్టి 2024 ఉత్తర్వు చూసి బ్యాంకులో నామినీ పెట్టుకున్నాం, ఇక భయం లేదనుకుంటే పొరపాటే. నామినేషనూ కావాలి, దాన్ని బలపరిచే వీలునామా కూడా కావాలి.

పీఎఫ్‌లో అదీ కుదరదు. పెనుకొండ, హిందూపురం ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు ఇది తెలియక నష్టం జరుగుతోంది. 1952 ఈపీఎఫ్ స్కీము 61వ పేరా ప్రకారం ‘కుటుంబం’ ఉన్న సభ్యులు కుటుంబంలోనివాళ్లనే నామినీగా పెట్టాలి. బయటి పేరు రాస్తే ఆ నామినేషన్ చెల్లదు. తమ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలు కూడా కుటుంబమే. అమ్మను పోషించే పిల్ల సహచరి పేరు రాసినా అది ఉత్త కాగితం. గ్రాట్యుటీకీ ఇదే వరస.

ఇక ఏ కాగితమూ ఇవ్వలేనివి ఉన్నాయి. ఫ్యామిలీ పెన్షన్. కారుణ్య నియామకం. టీచరు చనిపోతే సహచరికి స్కూల్లో అటెండరు పోస్టు కూడా అడిగే హక్కు లేదు. జంటగా దత్తత లేదు, ఒంటరిగా దత్తత తీసుకున్న తల్లి పోతే పిల్లకు గార్డియన్‌గా సహచరి పేరు వీలునామాలో రాయడమే దారి. విడిపోవడానికీ పద్ధతి లేదు. పదిహేనేళ్లు ఇంట్లో వండి పెట్టి, చివరికి వట్టి చేతులతో బయటపడ్డ మనిషికి మనోవర్తి అడిగే కోర్టు లేదు. పెళ్లి హక్కు అంటే ఊరేగింపూ తలంబ్రాలే గుర్తొస్తాయి గానీ మా అనుభవంలో అందులో విలువైన సగం ఈ బాధ్యతలే.

పోలీసుల గురించి రెండు మాటలే. ఇద్దరు మేజరు అమ్మాయిలు ఇల్లు వదిలితే మిస్సింగ్ కేసు కడతారు. ఆచూకీ దొరికాక స్టేట్‌మెంటు తీసుకుని వదిలేయాలి, తల్లిదండ్రుల చేతికి అప్పగించకూడదు. 2024 మార్చి 11న సుప్రీంకోర్టు ఇలాంటి హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే) కేసులకు మార్గదర్శకాలిచ్చింది, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే పని వద్దంది. అదే ఏడాది డిసెంబరులో మన హైకోర్టు ఇద్దరు యువతుల కేసులో వాళ్లిష్టప్రకారం కలిసి బతకొచ్చని తేల్చింది. మద్రాసు హైకోర్టు 2025 మేలో, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదంది. ఈ మూడూ తెలుగులో ఒక పేజీగా అచ్చేసి ప్రతి స్టేషనుకూ పంపించమని జిల్లా ఎస్పీలకు మీరు ఒక ఉత్తరం రాస్తే చాలు.

‘ఇది కేంద్రం పని, మా చేతిలో ఏముంది’ అనొద్దు. పెళ్లి, విడాకులు, దత్తత, వీలునామా, వారసత్వం ఇవన్నీ ఉమ్మడి జాబితాలో అయిదో అంశం. అసెంబ్లీ చట్టం చేయొచ్చు, కేంద్ర చట్టంతో పొసగకపోతే రాష్ట్రపతి ఆమోదం తీసుకోవాలి. ఇలా చేసిన అనుభవం మనకే ఉంది. పిత్రార్జితంలో ఆడపిల్లకు కొడుకుతో సమాన వాటా దేశమంతటికీ వచ్చింది 2005లో. హిందూ వారసత్వ చట్టానికి సొంత సవరణ చేసి 1985 సెప్టెంబరు 5 నుంచే ఆ హక్కు ఇచ్చింది ఆంధ్రప్రదేశ్. అప్పుడూ సంప్రదాయం పేరు చెప్పి గొణిగినవాళ్లున్నారు. ఈ రోజు సీమలో పార్టిషన్ దావాల్లో ఆడబిడ్డల వాటా రాయకుండా ప్లెయింటు వేసే వకీలు ఎవరైనా ఉన్నారా?

మేం అడిగేది: 2023 నాటి అభిప్రాయాన్ని ఉపసంహరించుకోమని ప్రభుత్వాన్ని కోరండి. రేషను, బ్యాంకు, మృతదేహం విషయాల్లో కేంద్రం రాసిందాన్ని రాష్ట్ర ఉత్తర్వుగా తెలుగులో ఇప్పించండి. సహజీవనాన్ని ఇష్టమున్నవాళ్లు నమోదు చేసుకునే చిన్న చట్టం అసెంబ్లీలో పెట్టండి. అందులో వారసత్వం, ఆసుపత్రి సమ్మతి, రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్, మనోవర్తి, ఈ నాలుగూ ఉండాలి. ఎంపీలు పార్లమెంటులో అడగాల్సింది స్పెషల్ మ్యారేజ్ యాక్టు 4వ సెక్షన్ సవరణ. ‘పురుషుడికి 21, స్త్రీకి 18’ అన్న చోట మాట మారితే దారి తెరుచుకుంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఉత్తరాఖండ్‌లో లాగా సహజీవనానికి బలవంతపు నమోదు, ఇంటికి కబురు పంపడం వద్దు. పెళ్లి నోటీసును 30 రోజులు బోర్డు మీద అంటించే పద్ధతి కూడా ఈ జంటలకు వద్దు. ఆ కాగితం ఎవరి కంట పడుతుందో, తర్వాత రాత్రి ఎవరు వచ్చి తలుపు కొడతారో మన జిల్లాల సంగతి మీకు మేం చెప్పక్కర్లేదు.

ముసాయిదా రాయడానికి మనుషులు కావాలంటే మేమున్నాం, ఫీజు అడగం.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల న్యాయవాదులు కొందరు, దస్తావేజు లేఖరులు

తా.క.: ఈ లేఖ చదివే జంటలకు. స్థలం కొంటుంటే సేల్ డీడ్‌లోనే ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించుకోండి, తర్వాత దానపత్రం ఖర్చూ పన్నూ తప్పుతాయి. ఉమ్మడిగా కొన్నంత మాత్రాన ఒకరు పోతే రెండోవాళ్లకు మొత్తం రాదు, పోయినవాళ్ల వాటా వాళ్ల వారసులకే పోతుంది. అందుకని రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే వీలునామాలు కూడా రాసుకోండి, ఒకరి వీలునామాకు రెండోవాళ్లు సాక్షిగా ఉండొద్దు. బ్యాంకు ఖాతా ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు డబ్బు తీసుకునే) పద్ధతిలో తెరవండి. కౌంటరులో కాదంటే 2024 ఆగస్టు 28 నాటి ఉత్తర్వు కాపీ ఇచ్చి, కాదన్న మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి.